పాత కంప్యూటర్లకు గ్రాఫిక్స్ కార్డు అవసరమా?

సింగానల్లూరు పరిసరములలోని మన తెలుగు కుటుంబముల యిండ్లలో నేడు కంప్యూటరు అపురూప వస్తువు కాదు. కాని క్రొత్త కంప్యూటరు మాత్రము ఇప్పటికిని అపురూపమే. కార్యాలయములవారు కొన్నేండ్లు వాడి తీసివేసిన డెల్, హెచ్.పి., లెనోవో డెస్క్‌టాపులు చేతులు మారి తక్కువ వెలకు మన వాకిళ్లకు వచ్చుచున్నవి. పాఠశాలలకు దాతలు ఇచ్చునవియు ప్రాయికముగా ఇట్టివే. ఇవి గట్టి యంత్రములు. అయితే పై తరగతులకు వచ్చిన పిల్లలు వీనిని కొన్నాళ్లు వాడిన పిమ్మట, "ఇందులో గ్రాఫిక్స్ కార్డు లేదు, అందుచేతనే నిదానముగా నడచుచున్నది, ఒకటి కొనిపెట్టుము" అని తండ్రిని అడుగుచున్నారు. తండ్రికి ఆ వస్తువేమో తెలియదు. దుకాణదారునకు తెలియును, కాని అతడు అమ్ముకొనువాడు. ఈ నడుమ పాఠశాల కంప్యూటర్లన్నింటికిని చందా లెత్తి తలకొక చిన్న కార్డు పెట్టింపవలెనను మాటయు వినవచ్చుచున్నది. ఈ విషయమున నా అభిప్రాయము మొదటనే చెప్పుదును. అన్నిటికిని చిన్న కార్డులు కొనుట సొమ్ము నీళ్లపాలు చేయుటయే. కొనదలచినచో ఒక యంత్రమునకు తగిన కార్డు నొకదానిని కొనవలెను. ఎందులకో వివరించెదను.

ముందుగా ఆ వస్తువు చేయు పని యేమో తెలిసికొందము. మనము తెరపై చూచు బొమ్మ చిన్న చిన్న చుక్కల కూర్పు. నేటి సామాన్యమైన తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. అనగా మొత్తము 20,73,600. ఆ తెర సెకనునకు 60 పర్యాయములు తిరిగి వ్రాయబడును. కావున సెకనునకు పండ్రెండు కోట్లకు పైగా చుక్కల రంగును ఎవరో ఒకరు నిర్ణయింపవలెను. ప్రాసెసరు మేధావియే గాని, అది నలుగురు నిపుణులు మాత్రమే పని చేయు చిన్న కార్ఖానా వంటిది. గ్రాఫిక్స్ కార్డు మన నూలుమిల్లులోని స్పిన్నింగు ఫ్రేము వంటిది. అందు ఒక్కొక్క కదురు చేయు పని బహు స్వల్పము. కాని వందలాది కదుళ్లు ఒక్కసారిగా తిరుగును. 1999లో ఎన్విడియా సంస్థ జీఫోర్స్ 256 అను కార్డును వెలువరించి జి.పి.యు. అను పేరును లోకములో ప్రచారము చేసెను. 2007 నుండి క్యూడా అను పద్ధతి ద్వారా బొమ్మలకు సంబంధింపని లెక్కలను గూడ ఈ కదుళ్లచేత చేయించుటకు వీలు కలిగెను. నేటి కృత్రిమ మేధ అంతయు ఆ దారిన పెరిగినదే.

మన పాత డెస్క్‌టాపులలో గ్రాఫిక్స్ శక్తి బొత్తిగా లేదనుట సరి గాదు. 2011 నుండి వచ్చిన ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో పెక్కింటియందు చిన్న గ్రాఫిక్స్ భాగము లోపలనే ఇమిడియున్నది. ఉత్తరములు వ్రాయుటకు, లెక్కలు వేయుటకు, పాఠ్యపుస్తకము చదువుటకు అది చాలును. మరి యంత్రము నిదానమెందుకైనది?

కోయంబత్తూరు వారికి దీనిని మోటారు పంపు ఉపమానముతో చెప్పుట తేలిక. సూలూరునకు సమీపముననున్న కలంగల్ గ్రామమున 1893లో జన్మించిన జి.డి. నాయుడు గారు, డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి 1937లో దేశమున తొలి విద్యుత్ మోటారును ఈ నగరముననే తయారుచేసిరి. నాటినుండి పంపులు మన ఊరి విద్య. బావిలో నీరు రెండడుగులే యున్నపుడు 5 హార్స్‌పవర్ మోటారును తీసి 10 హార్స్‌పవర్ మోటారును బిగించు రైతు ఇచ్చట కానరాడు. అతడు మొదట ఊట చూచును, గొట్టము చూచును, కరెంటు సర్వీసు చూచును. అటుపిమ్మటనే మోటారు మాట. కంప్యూటరు విషయమున మాత్రము మనము మోటారుతోనే మొదలుపెట్టుచున్నాము.

పాత డెస్క్‌టాపు నిదానమునకు తొంబది పాళ్లు కారణము తిరుగుడు పళ్లెముగల హార్డ్ డిస్కు. దాని స్థానమున 240 లేక 256 గిగాబైట్ల ఎస్.ఎస్.డి. నొకదానిని అమర్చినచో, మూడు నిమిషములు పట్టు ప్రారంభము అర నిమిషములో ముగియుట చూచినవారు ఇదే యంత్రమా యని ఆశ్చర్యపడుదురు. రెండవ కారణము ర్యామ్ కొరత. 4 గిగాబైట్లతో నేటి బ్రౌజరు ఊపిరాడక కొట్టుకొనును. 8 ఉన్నచో కుదుటపడును. 2025 చివర ర్యామ్ ధరలు విశేషముగా పెరిగినవి. అయినను మన పాత యంత్రములకు పట్టు డి.డి.ఆర్. 3 రకము వాడినదే తెచ్చుకొనుట మేలు. మూడవ కారణమును చెప్పిన కొందరు నవ్వుదురు: దుమ్ము. మిల్లులు పూర్వమువలె లేకున్నను మన వీధులలో దూదిపోగులకు లోటు లేదు. ప్రాసెసరు మీది ఫ్యాను రెక్కలలో అవి పేరుకొనినపుడు వేడిమి పెరిగి ప్రాసెసరు తనంతట తాను వేగము తగ్గించుకొనును. పెట్టె విప్పి, మెత్తని కుంచెతో తుడిచి, ప్రాసెసరు మీద క్రొత్త థర్మల్ పేస్టు పూయుటకు అగు వ్యయము అత్యల్పము. ఈ మూడు పనులు చేయక గ్రాఫిక్స్ కార్డు కొనుట ఎండిన బావికి పెద్ద మోటారు బిగించుటయే.

ఇచ్చట మన భాషకు సంబంధించిన యొక అపోహను గూడ తొలగింపవలసి యున్నది. తెలుగక్షరములు తెరపై చీలిపోయినట్లు కనబడినపుడు, ఒత్తులు వేరుగాను తలకట్లు వేరుగాను నిలిచినపుడు, "గ్రాఫిక్స్ చాలలేదు" అని చెప్పువారిని నేనెరుగుదును. ఇది పొరపాటు. అక్షరమునకు ఒత్తు తగిలించుట, గుణింతమును కూర్చుట కార్డు పని గాదు. అది సాఫ్టువేరు పని, ఫాంటు పని. 1991లోనే యూనికోడు మొదటి సంచికలో తెలుగునకు స్థానము లభించినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పిలో గౌతమి అను తెలుగు ఫాంటు చేరియుండెను. ఆనాటి బక్క యంత్రముపై చక్కగా అమరిన "క్ష్మ" నేటి యంత్రముపై అమరకుండుటకు శక్తిలోపము కారణము కానేరదు. అను ఫాంట్లలో టైపు చేసిన పాత వ్యాసములను ఆ ఫాంట్లు లేని యంత్రముపై తెరచినచో పిచ్చిగీతలు కనబడును. వానిని యూనికోడులోనికి మార్చుకొనవలెను. ఈ చిక్కునకు కార్డు కొనువారు తలనొప్పికి చెప్పులు కొనినట్లే.

ఆన్‌లైను పాఠముల సంగతి వేరు. ఇందులో కొంత న్యాయమున్నది. యూట్యూబులో పాఠము చూచునపుడు బొమ్మ తడబడుచున్నదని పిల్లలు చెప్పునది అబద్ధము కాదు. పూర్వము వీడియోలు హెచ్. 264 అను పద్ధతిలో కుదించబడెడివి. పాత యంత్రములలో ఆ పద్ధతిని విప్పు భాగము ప్రత్యేకముగా కలదు. తరువాత యూట్యూబు వి.పి. 9 అను పద్ధతిని, ఇటీవల ఎ.వి. 1 అను పద్ధతిని విరివిగా వాడుచున్నది. 2017 ప్రాంతమున వచ్చిన ఏడవ తరమునకు ముందటి ఇంటెల్ యంత్రములకు వి.పి. 9ని పూర్తిగా విప్పు ప్రత్యేక భాగము లేదు. కావున ఆ భారమంతయు ప్రాసెసరుపై పడును. జి.టి. 1030 వంటి చిన్న కార్డు ఆ భారమును తాను మోయగలదు. కాని వ్యయము లేని ఉపాయము గూడ నున్నది. హెచ్. 264 వీడియోనే కోరునట్లు చేయు చిన్న ఎక్స్‌టెన్షను బ్రౌజరునకు ఉచితముగా లభించును. వీడియోను 480 మెట్టునకు తగ్గించినను నల్లబల్లపై లెక్క స్పష్టముగానే కనబడును. ఉచితముగా తీరు అవసరమునకు సొమ్మెందుకు వెచ్చింపవలెను?

ఇక నిజముగా కార్డు వలసినవారెవరు? త్రిపరిమాణ చిత్రములు గీయువారు. కోయంబత్తూరులో పంపులు, పోతపనులు, మిల్లు యంత్రముల విడిభాగములు చేయు కర్మశాలలు వీధి వీధికిని కలవు. వీనిలో నేడు కాగితముపై డ్రాయింగు గీయువారు అరుదు. ఆటోకాడ్ వంటి సాఫ్టువేరుపై గీయుదురు. తెలుగు మాధ్యమమున చదివిన మన పిల్లవానికి తమిళమో ఇంగ్లీషో మాటలాడుటలో కొంత జంకు ఉండవచ్చును. కాని ఒక ఇంపెల్లరును మూడు ప్రక్కలనుండి తప్పు లేకుండ గీసి చూపగలిగినచో అతని చేతిపని ఏ భాషలోనైనను తెలియును. ఈ విద్య పదవ తరగతి దాటక మునుపే కొంత పరిచయము కావలెనని నా కోరిక. గ్రాఫిక్స్ కార్డు విషయమున నేనింత పట్టుదలతో వ్రాయుటకు కారణమును ఇదియే. రెండు పరిమాణముల డ్రాయింగు పాత యంత్రముపైననే నడచును. మూడవ పరిమాణము చేరగానే కార్డు వలయును. బ్లెండరు అను ఉచిత సాఫ్టువేరు నాలుగవ సంచిక నుండి నాలుగవ తరమువరకు గల ఇంటెల్ అంతర్గత గ్రాఫిక్స్‌ను తన జాబితాలో చేర్చుట లేదు.

ఆటల కొరకు కార్డు కోరువారును కలరు. ఆటలు తప్పని నేననను. సెలవులలో పిల్లలు ఆడుకొననిచ్చు యిల్లు మంచి యిల్లే. కాని దానికి చదువను ముసుగు వేసి తండ్రినడుగుట తగదు. కృత్రిమ మేధ నేర్చుకొనుటకు కార్డు వలయునని మరికొందరందురు. మొదటి పాఠములకు అక్కర లేదు. గూగుల్ సంస్థవారి కోలాబ్ అనుచోట బ్రౌజరు ద్వారా పెద్ద కార్డును కొంత కాలపరిమితితో ఉచితముగా వాడుకొననిచ్చుచున్నారు. మనము కొనగలిగిన ఏ చిన్న కార్డుకంటెను అది మిక్కిలి బలమైనది.

కొనవలెనని నిశ్చయించుకొనిన పిమ్మట చూడవలసినది కార్డును గాదు, పెట్టెను. మదర్‌బోర్డుపై కార్డు పట్టు పొడవైన స్లాటు గరిష్ఠముగా 75 వాట్ల విద్యుత్తు నీయగలదు. అంతకు మించి కోరు కార్డులకు ఎస్.ఎం.పి.ఎస్. నుండి 6 లేక 8 పిన్నుల తీగ వేరుగా వలయును. కార్యాలయముల పాత పెట్టెలలో ఎస్.ఎం.పి.ఎస్. సుమారు 240 నుండి 290 వాట్లది మాత్రమే. అందు ఆ తీగ ఉండదు. పెద్దది మార్చుదమన్నను చిక్కే. పెక్కు డెల్, హెచ్.పి., లెనోవో బోర్డులకు విడిగా అమ్ము ఎస్.ఎం.పి.ఎస్. పిన్నులు నేరుగా సరిపోవు. పెట్టె సన్నదైనచో సగమెత్తు కార్డు మాత్రమే పట్టును. కొన్ని సన్నపెట్టెలలో తయారీదారులు 75 వాట్లకన్నను తక్కువ హద్దు విధించియుందురు. అది ఆ యంత్రపు మాన్యువలులో వ్రాసియుండును. మానిటరునకు వి.జి.ఎ. తీగ మాత్రమే యున్నచో క్రొత్త కార్డులలో ప్రాయికముగా ఆ రంధ్రముండదు గనుక మార్పిడి పరికరము వేరుగా కొనవలెను. ఇంటిలోని యు.పి.ఎస్. 600 వి.ఎ. దైనచో అది భరించునది సుమారు 360 వాట్లే యని గుర్తుంచుకొనవలెను. 2011లో తమిళనాడు ప్రభుత్వము ఆరంభించిన పథకము క్రింద పండ్రెండవ తరగతి విద్యార్థులకు లభించిన లాప్‌టాపులు గలవారు ఈ చర్చను విడిచిపెట్టవచ్చును; వానిలో కార్డు మార్చుటకు వీలు లేదు.

ఇప్పుడు కార్డుల తారతమ్యము. అంగడిలో అన్నిటికన్న చవుకగా దొరకునవి జి.టి. 710, జి.టి. 730. వీనిలో పెక్కింటి మూలము 2012 నాటి కెప్లర్ తరము. ఆ తరమునకు క్రొత్త డ్రైవర్లు వెలువరించుట 2021లోనే నిలిపివేయబడినది. వి.పి. 9 వీడియోను ఇవి విప్పలేవు. పని చెడిన వి.జి.ఎ. రంధ్రమునకు ప్రత్యామ్నాయముగా తప్ప వీనివలన ప్రయోజనము లేదు. చవుక యని వీనిని ఇరువది కొనుటకన్న ఒక్కటియు కొనకుండుట లాభము.

జి.టి. 1030 అనునది 2017లో వచ్చినది. 30 వాట్లు మాత్రమే తీసికొనును. సగమెత్తు పెట్టెలో ఇమిడిపోవును. కాని ఇందొక మోసమున్నది. మోసమను మాట నేను ఆలోచించియే వాడుచున్నాను. 2018లో ఇదే పేరుతో రెండవ రకమును విడుదల చేసిరి. మొదటిదానిలో జి.డి.డి.ఆర్. 5 మెమరీ, సెకనునకు 48 గిగాబైట్ల రవాణా. రెండవదానిలో సాధారణమైన డి.డి.ఆర్. 4 మెమరీ, రవాణా 16.8 గిగాబైట్లే. పేరు ఒకటి, సరకు మూడవ వంతు. ఆటోకాడ్ 2022 సంచికకు తయారీదారులు విధించిన కనీస ప్రమాణము 29 గిగాబైట్లు. సిఫారసు చేసినది 106. అనగా ఒకే పేరుగల రెండు కార్డులలో ఒకటి కనీస పరీక్షలో కృతార్థమగును, రెండవది తప్పును. డబ్బాపై చిన్న అక్షరములు చదువకుండ డబ్బు చెల్లింపరాదు.

2016లో వచ్చిన జి.టి.ఎక్స్. 1050 టి.ఐ. మన అవసరమునకు తొలి నిజమైన మెట్టు. 4 గిగాబైట్ల మెమరీ, 112 గిగాబైట్ల రవాణా, 75 వాట్లు. 2019లో వచ్చిన జి.టి.ఎక్స్. 1650 అదే 75 వాట్లలో ఇంచుమించు మూడవ వంతు అధికముగా పని చేయును; రవాణా 128 గిగాబైట్లు. ఈ రెంటిలోను కొందరు తయారీదారులు 6 పిన్నుల తీగ కోరు రకములను గూడ చేసిరి. అవి మన పెట్టెలకు పనికిరావు. వాడిన సరకు కొనునపుడు ఈ రెంటిమధ్య వెల తేడా కొద్దిదైనచో నేను 1650నే యెన్నుకొందును. వేగము కొరకు మాత్రమే గాదు. 1050 టి.ఐ., 1030లు చెందిన పాస్కల్ తరమునకు సాధారణమైన క్రొత్త డ్రైవర్లను 2025 అక్టోబరుతో ముగించుచున్నట్లును, భద్రతకు సంబంధించిన సవరణలు మాత్రము 2028 అక్టోబరు వరకు ఇచ్చెదమనియు ఎన్విడియావారు ప్రకటించిరి. 1650 చెందిన తరమునకు ఆ ముగింపు వర్తింపలేదు. ఎనిమిదవ తరగతి బాలిక కొరకు కొను వస్తువు ఆమె పండ్రెండవ తరగతి దాటువరకైనను నిలువవలెను గదా.

ఏ.ఎమ్.డి. సంస్థవారి ఆర్.ఎక్స్. 6400 (2022) 53 వాట్లతో తృప్తిపడును. సన్నపెట్టెలకు ముద్దుగా అమరును. కాని దానికి బోర్డుతో సంబంధము నాలుగు దారులే. క్రొత్త బోర్డులలో ఆ దారులు వెడల్పైనవి గనుక లోటు తెలియదు. మన పాత బోర్డులలో ఒక్కొక్క దారి వెడల్పు సగమో పాతికో గనుక కార్డు శక్తి కొంత వృథా యగును. లినక్స్ వాడువారికి మాత్రము దీని డ్రైవరు ముందే లోపల నుండుట ఒక సుగుణము. ఇంటెల్ సంస్థవారి ఆర్క్ ఎ 380 కాగితముపై చవుకగా, ఘనముగా కనబడును. అది సరిగా నడచుటకు రీసైజబుల్ బార్ అను సదుపాయము గల బోర్డు వలయును. ఇంటెల్‌వారే తమ ప్రాసెసర్లలో పదవ తరమును మొదలుకొని సిఫారసు చేసిరి. కావున దానికి దూరము నుండియే నమస్కారము. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 3050, 6 గిగాబైట్ల రకము, 70 వాట్లతో ఈ తరగతిలో అన్నిటికన్న బలమైనది. అయితే దాని వెల మన పాత కంప్యూటరు మొత్తము వెలను మించును. పదివేల బండికి ఇరువదివేల ఇంజను బిగించుటకు నేను సమ్మతింపను.

సెకండ్‌హ్యాండు అంగడిలో మరి రెండు జాగ్రత్తలు. 2022 సెప్టెంబరులో ఇథీరియం అను నాణెపు పద్ధతి మారినపుడు గనులవలె రాత్రింబవళ్లు పని చేసిన వేలాది కార్డులు అమ్మకమునకు వచ్చినవి. ఆర్.ఎక్స్. 580 వంటి పెద్ద కార్డు ఆశ్చర్యమైన వెలకు దొరకునది అందుచేతనే. అది 185 వాట్లు కోరును. మన పెట్టె దానిని చూచిననే ఆరిపోవును. రెండవది, పాత చిన్న కార్డునకు 1050 టి.ఐ. యని దొంగపేరు పెట్టి అమ్ముట. జి.పి.యు.-జడ్ అను ఉచిత సాఫ్టువేరు ఇట్టి నకిలీలను పెక్కింటిని పట్టియిచ్చును. చెన్నై రిచ్చీ వీధిలో కొనినను, మన గాంధీపురములో కొనినను, దుకాణములోనే దానిని నడిపి చూపుమనుటకు మొగమోటపడరాదు.

కార్డు తీర్పలేని కొరత యొకటి కలదు. విండోస్ 10నకు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11నకు ఇంటెల్ ఎనిమిదవ తరము మొదలుకొని మాత్రమే అంగీకారము. ఎంత గొప్ప కార్డు పెట్టినను నాలుగవ తరపు యంత్రము ఎనిమిదవ తరము కాదు. అట్టి యంత్రములను లినక్స్‌నకు మార్చుట మేలని నా తలంపు.

ఇక పాఠశాల సంగతి. పోగైన చందా సొమ్ముతో ముందు అన్ని యంత్రములకును ఎస్.ఎస్.డి.లు, ర్యామ్ తక్కువైనవానికి 8 గిగాబైట్లు. ఇది అందరి పిల్లలకును చెందు పని గనుక దీనికే మొదటి పాలు. అటుపిమ్మట ఉన్నవానిలో పెద్ద పెట్టె, ఎనిమిదవ తరమో అంతకన్న క్రొత్తదో యగు ప్రాసెసరు గల యంత్రము నొకదానిని ఎంచి, తీగ కోరని జి.టి.ఎక్స్. 1650ను అందు నిలుపవలెను. దానిని గది మూలనుండి తీసి కిటికీ ప్రక్క, అందరికిని తెర కనబడునట్లు ఉంచవలెను. తొమ్మిది, పది తరగతులవారికి వారమునకు ఇన్ని గంటలని వరుస వ్రాసి తలుపునకు అంటింపవలెను. ఆ వరుసలో ఇంటియందు కంప్యూటరు లేనివారి పేర్లు ముందుండవలెను. చేయి ముందెత్తినవారికే ముందు స్థానము దొరకు వాడుక ఇచ్చట చెల్లదు. బాలికలకు సాయంకాలము ఆలస్యమగుట కుదరదు గనుక వారి గంటలు మధ్యాహ్నముననే వేయవలెను. కార్డు డబ్బాను, రసీదును బీరువాలో భద్రపరచవలెను. వారంటీ గడువు డబ్బాపై పెద్ద అక్షరములతో వ్రాయవలెను. ఇంకను సొమ్ము మిగిలినచో యు.పి.ఎస్. బ్యాటరీ మార్పింపవలెను. పాతది ఉబ్బియున్నదేమో సెలవులకు మునుపే ఎవరైనను విప్పి చూచుట మంచిది.